స్వరూప స్క్రిప్టులో చివరి సీను

ఏడేళ్లుగా నాలుగు పేజీలు మోస్తున్నాను.

కాగితానికి బరువేమిటని మీరు అడగవచ్చు. మొదట్లో నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. గంటలో టైపు చేసిన నాలుగు పేజీలు, అంతే కదా. ఎవరూ చావలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు అనుకున్నాను. చావలేదు, నిజమే. కానీ ఒక ఇంట్లో ఎప్పుడో చచ్చిపోయి, ఏడ్పించడం మానేసి, పడుకున్నవాణ్ని నేను మళ్లీ లేపానని పోయిన గురువారం తెలిసింది.

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లంతా నన్ను మంచిదాన్నంటారు. గుడిలో శనివారం ప్రసాదం పంచే పని నాకే ఇస్తారు. "ఆమె చెయ్యి మంచిది" అంటారు. ఆ మాట వినపడితే ఒళ్లు మండిపోతుంది. వాళ్ల మీద కాదు, ఆ చెయ్యి మీద. ఈ చెయ్యే కదా ఆ పని చేసింది?

కోపంగా రాస్తున్నానని మీకనిపిస్తే, అవును, కోపంగానే రాస్తున్నాను. మెత్తగా, వినయంగా, కళ్లు తుడుచుకుంటూ రాయడం నాకు బాగా వచ్చు. ఆ విద్యతోనే ఒక అమ్మాయిని ముంచాను. ఈసారికి అది వద్దు.

మాది చిక్కడపల్లి. ఇంటి ముందు గదిలోనే నా డీటీపీ సెంటరు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకు వేంకటేశ్వరస్వామి పటం. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడిలో ఊపిరాడక ఎక్కడ పడిపోతానోనని నాన్నగారు నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆయన ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. సాయంత్రం ఇంటికి ప్రూఫు కాగితాలు తెచ్చేవారు. వాటి వెనకవైపు నేను అక్షరాలు రాసుకునేదాన్ని. ముందువైపు ఆయన ఎర్ర సిరాతో ఊళ్లోవాళ్ల తప్పులన్నీ సరిచేసేవారు. సొంతంగా ఒక వాక్యం రాయడం రాకముందే ఇంకొకరి వాక్యంలో తప్పు ఎక్కడుందో చూపించడం నాకు వచ్చేసింది. "అక్షరం వరకే మనది, మ్యాటర్ మనది కాదు" అని ఆయన వందసార్లు చెప్పి ఉంటారు. మొదటి సగం బుర్రకెక్కింది. రెండో సగాన్ని హాయిగా మరిచిపోయాను.

మరిచిపోయేలా చేసింది ఎవరు? మెచ్చుకున్నవాళ్లు. పరీక్షల నోట్సులు, విద్యానగర్ నుంచి వచ్చే పరిశోధనల కాగితాలు, సన్మాన పత్రాలు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ముందు అక్షరం సరిచేశాను. "మంచిగ చేసిండ్రమ్మా" అన్నారు. తర్వాత వాక్యం మార్చాను. "మీరు మార్చినంకనే అర్థమైతున్నది" అన్నారు. ఒకాయన పుస్తకానికి ముందుమాటలో ఒక పేరా మొత్తం నేనే రాసేశాను, అది తన మాటేననుకుని ఆయన సభలో చదివి చప్పట్లు కొట్టించుకున్నాడు. రోజూ పూజయ్యాక ఆ రోజు దక్కిన మేలుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ చప్పట్లకు కూడా చెప్పుకున్నాను. సిగ్గులేదు నాకు.

ఆ అమ్మాయి పేరు స్వరూప అనుకోండి. జనగామ దగ్గర పల్లె. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదివేది. అప్పటికి నాలుగేళ్లుగా అదే పని. నోట్సులు ప్రింటు తీసుకోవడానికి వచ్చేది. ఒకరోజు లావుపాటి లాంగ్‌బుక్కు ఒకటి బల్ల మీద పెట్టింది.

"సినిమా కథ అక్కా. జాంబీ సినిమా. నవ్వద్దు."

నేను నవ్వలేదు. "దయ్యాల కథనా?" అన్నాను.

"దయ్యం కాదక్కా. దయ్యానికి పగ ఉంటది, ఏదో ఒకటి కావాలె దానికి. జాంబీకి ఏం వద్దు. అలవాటు ఉంటది, గంతే. లేస్తది, నడుస్తది."

"మా అన్న కొడుకు ఫోన్ల చూస్తడు గద, మనుషుల్ని కొరుకుతనే ఉంటయి."

"నా కథల కొరకవు."

"కొరకకపోతే ఎవ్వరు భయపడుతరు పిల్లా?"

"ఒక్కసారి మా హాస్టల్ స్టడీ హాల్‌కు వచ్చి కూసోండి. ఎవ్వలు ఎవ్వల్ని కొరకరు. గంట కూసున్నంక భయమైందా లేదా చెప్పుండ్రి."

పకపకా నవ్వేసి, వెంటనే ఆపేసింది. ఆ మాటకు నేనూ నవ్వాను. అది నవ్వే మాట కాదని పేజీలు తిప్పాక అర్థమైంది.

ఆ కథ మీకు చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిన పని మీకు చిన్నదిగా కనబడుతుంది. కథలో రాజు అనే కుర్రవాడు అశోక్‌నగర్ హాస్టల్లో జ్వరంతో చనిపోతాడు. ఊరికి తీసుకెళ్లి పూడ్చేస్తారు. తొమ్మిదో రోజు పొద్దున్న చూస్తే స్టడీ హాల్లో తన కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఎవరినీ ఏమీ చేయడు. పుస్తకం పేజీ తిప్పుతాడు, కాసేపాగి మళ్లీ తిప్పుతాడు. పుస్తకం తీసేసినా వట్టి బల్ల మీద చెయ్యి అలాగే తిరుగుతుంది. ఒక్కడే కాదు. ముషీరాబాద్‌లో ఒకామె వచ్చి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడుతుంది. ఒక ముసలాయన నారాయణగూడ చౌరస్తాలో మూసేసిన తన దుకాణం ముందు నిలబడి తాళం కోసం జేబు వెతుక్కుంటూ ఉంటాడు. కథలో నియమం ఒక్కటే. పొద్దుగూకే వేళ తమవాళ్లు పేరు పెట్టి పిలిచినన్నాళ్లూ చచ్చినవాళ్లు లేస్తూనే ఉంటారు. పిలుపు ఆగితే వాళ్లూ ఆగుతారు. దానికి మందు లేదు, మంత్రం లేదు. పిలవడం మానేయమని మైకుల్లో చెబుతారు. ఎవరూ మానరు. ఎలా మానతారు? స్టడీ హాల్లో కుర్చీలు నిండిపోతాయి. బతికున్న పిల్లలు గోడల వెంట నిలబడి చదువుకుంటారు. కొన్నాళ్లకు వాళ్లూ కదలకుండా నిలబడడం నేర్చుకుంటారు. హాస్టల్ ఓనరు తలుపు దగ్గర నిలబడి, ఎవరు చచ్చారో ఎవరు బతికున్నారో తెలియక, అందరికీ కిరాయి అడుగుతాడు. ఆ సీను టైపు చేస్తూ నేను నవ్వాను. నవ్వుతూనే వెనక్కి తిరిగి నా గది తలుపు చూసుకున్నాను. పట్టపగలు.

"ఇట్ల ఎట్ల వచ్చింది నీకు?" అని అడిగాను.

ప్రింటరు వైపు చూస్తూ చెప్పింది. వాళ్లన్న బాయికాడ మోటరు వేయబోయి కరెంటు షాకుతో పోయాడు. ఆ తర్వాత ఏడాదిపాటు వాళ్లమ్మ రోజూ చీకటిపడే వేళకు గడపలో నిలబడి కొడుకును పేరుపెట్టి పిలిచేది. పళ్లెంలో అన్నం పెట్టి ఉంచేది. ఇంట్లో ఎవరూ వద్దనలేకపోయారు.

"ఒకనాడు పిలవలే అక్కా. పళ్లెం కడిగి బోర్లేసింది. తలుపు గొళ్లెం పెట్టింది. గొళ్లెం మీద చెయ్యి అట్లనే ఉంచి నిలబడ్డది శానసేపు. ఏడ్వలే. మా అమ్మ అన్నకు పాలిచ్చింది, పెంచింది, అవన్నీ ఏ తల్లైనా చేస్తది. ఆ గొళ్లెం పెట్టుడు మాత్రం మా అమ్మే చేసింది. ఆనాడు అన్నను పడుకోనిచ్చింది."

"అదేనా నీ చివరి సీను?"

"అదే. ఇంక రాయలే. రాయాలంటే చేతులు వస్తలేవు."

హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న సినిమా ఆఫీసువాళ్లు కొత్తవాళ్ల దగ్గర కథలు తీసుకుంటున్నారు. మామూలు జాంబీ కథలు వద్దు, వేరేగా ఉండాలన్నారట. స్వరూప తనకు తాను ఒక్క అవకాశం పెట్టుకుంది. ఇది కుదిరితే రాసుకుంటూ బతుకుతాను, లేకపోతే మళ్లీ పెన్ను పట్టను అంది. నేను ఆమెతో సరదాగా, "నీ పట్టుదల చూస్తే ఆ ఆఫీసోళ్లే భయపడుతరు" అన్నాను.

నా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి మ్యాటరైనా మూడు ప్రూఫులు తీసి, మూడోదాని మీద వాళ్ల చేత సంతకం పెట్టించుకున్నాకే బయటికి పంపుతాను. స్వరూప అన్ని పేజీలూ అలాగే చూసి సంతకం పెట్టింది, చివరి నాలుగు తప్ప. అవి శనివారం పొద్దున రాసి తెచ్చింది. ఆదివారం ఆమెకు ఖమ్మంలో పరీక్ష. కథ పంపడానికి సోమవారం మధ్యాహ్నం వరకే గడువు.

"మీరే చూసి మెయిల్ పెట్టేయండక్కా. మీ కన్న మంచిగ ఎవరు చూస్తరు?" అని బస్సుకు పరుగెత్తింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ నాలుగు పేజీలు చదివాను.

రాజు హాస్టల్ నుంచి నడుచుకుంటూ ఊరికి వస్తాడు. తల్లి పళ్లెం పెట్టి ఉంటుంది. చిన్నప్పుడు కొట్టినట్టే తలుపు రెండుసార్లు కొట్టి, ఆగి, ఒకసారి కొడతాడు. తల్లి లేచి వస్తుంది. గొళ్లెం మీద చెయ్యి వేస్తుంది. తీస్తుందనుకుంటాం. తీయదు. పిలవదు. అలాగే నిలబడుతుంది. తలుపు చప్పుడవుతూ ఉంటుంది. మనకు ఆమె ముఖం తప్ప ఇంకేమీ కనబడదు. చప్పుడు మధ్య ఎడం పెరుగుతుంది. ఇంకా పెరుగుతుంది. ఆగిపోతుంది. తెల్లారి తలుపు తీస్తే గడప ముందు చెప్పుల జత ఉంటుంది. ఆమె వాటిని తీసి పక్కన పెట్టి వాకిలి ఊడవడం మొదలుపెడుతుంది. అంతే.

నాకు కోపం వచ్చింది. అవును, అప్పుడూ కోపమే. ఇదేం తల్లి అనుకున్నాను. గడపలోకి వచ్చిన బిడ్డకు తలుపు తీయదా? దేవుడున్న ఇంట్లో ఇలాంటి మాట టైపు చేయిస్తారా? సినిమా చూసిన తల్లులకు ఎలా ఉంటుంది? అమ్మాయి చిన్నది, బాధలో రాసింది, తర్వాత పశ్చాత్తాపపడుతుంది, నేను పెద్దదాన్ని, సరిచేస్తే తప్పేమిటి? ఇన్ని ప్రశ్నలు వేసుకున్నాను. "అమ్మా, ఇది నీదా?" అన్న ప్రశ్న ఒక్కటే వేసుకోలేదు.

రాశాను. నా సీనులో తల్లి తలుపు తీస్తుంది. పూజగదిలోంచి తులసి తీర్థం తెచ్చి కొడుకు నోట్లో పోస్తుంది. వాడి కళ్లలోకి వెలుగు వస్తుంది. "అమ్మా" అంటాడు. గంటలు మోగుతాయి. కెమెరా మెల్లగా దేవుడి పటం వైపు తిరుగుతుంది. రాస్తూ ఏడ్చాను. దేవుడే నా చేత రాయించాడనుకున్నాను. సోమవారం పొద్దున మెయిల్ పెట్టి, పూజకు కూర్చుని, నన్ను ఇందుకు వాడుకున్నందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పాను.

మొదట్లో ఆ పనికి నేను పెట్టుకున్న పేరు జాలి. తర్వాత కొన్నాళ్లు భక్తి అన్నాను. రెండూ అబద్ధమే. అసలు సంగతి చెప్పనా? నాకూ రాయాలని ఉండేది. నాన్నగారి ప్రూఫుల వెనకవైపు కూర్చున్నప్పటి నుంచీ ఉండేది. ఎప్పుడూ రాయలేదు, ధైర్యం లేక. ధైర్యమున్న ఒక పిల్ల తన ప్రాణం పెట్టి కట్టిన ఇంట్లోకి దూరి, ఆఖరి గదిలో నా పటం తగిలించుకున్నాను. దాని మీద దేవుడి పేరు రాశాను, ఎవరూ తీయకుండా. అంతకంటే అసహ్యమైనది ఇంకొకటి ఉంది. మెయిల్ పంపాక పదిహేను రోజులు నేను ఎదురుచూశాను. "చివర అద్భుతంగా ఉంది" అని వాళ్లంటారని. స్వరూప అయోమయపడితే అప్పుడు నెమ్మదిగా చెబుదామని. ఆమె నా చేతులు పట్టుకుని ఏడుస్తుందని కూడా ఊహించుకున్నాను.

ఫోను వచ్చిందని స్వరూపే వచ్చి చెప్పింది. షాపులో ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

"కథంత మస్తుందట అక్కా. చివరికొచ్చేసరికి మొత్తం పోయిందట. తల్లి చేసింది ఎవ్వరు నమ్మరట. ఏ తల్లి గట్ల చెయ్యదు, అబద్ధం లెక్క ఉన్నది అన్నరు."

వాళ్లు చదివింది నా సీను. ఆమె విన్నది తన సీను గురించి. ఆ రెండింటి మధ్య నేను కూర్చుని ఉన్నాను, చేతిలో ఎవరిదో పెళ్లి పత్రిక ప్రూఫుతో. అప్పుడు నోరు తెరిస్తే సరిపోయేది. ఒక్క వాక్యం. అదే రోజు అసలు పేజీలు మళ్లీ పంపగలిగేదాన్ని కూడా. నేనేమన్నానో తెలుసా? "దేవుడు నీకు వేరే ఏదో పెట్టిండేమోనమ్మా" అన్నాను. ఆమె తల ఊపింది. ఊరి నుంచి తెచ్చిన సర్వపిండి పొట్లం బల్ల మీద పెట్టింది. "మీరు మస్తు కష్టపడ్డరు అక్కా, మీ మేలు మర్వను" అంది. లాంగ్‌బుక్కు తిరిగి తీసుకోలేదు. "చింపేయండి" అని వెళ్లిపోయింది.

చింపలేదు. ఇచ్చే ధైర్యమూ చేయలేదు. సర్వపిండి మాత్రం తిన్నాను.

ఆ తర్వాత నేను జాంబీ సినిమాలు చూడడం మొదలుపెట్టాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. మధ్యాహ్నం ఎవరూ రాని వేళ, ఫోన్లో, చెవుల్లో తీగలు పెట్టుకుని. ఏం పాడుచేశానో తెలియాలనిపించింది. చాలావాటిలో పళ్లు, రక్తం, పరుగు. మొదటి పది నిమిషాలు కళ్లు మూసుకున్నాను, తర్వాత బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూడా చూడగలిగాను. కొరికేదానికి భయపడడం ఎంతసేపు? కుక్కకూ భయపడతాం, అది వెళ్లిపోతే మరిచిపోతాం. కానీ ఎప్పుడో ఒకటి, చచ్చినవాళ్లు ఏమీ చేయకుండా తమ ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్నది కనబడితే, ఆ రోజు నాకు అన్నం దిగేది కాదు. ఎందుకంటే అక్కడ రాక్షసుడు లేడు. మనం తలదువ్వి పంపినవాడే ఉన్నాడు. పారిపోవాలో దగ్గరికి పిలవాలో తెలియదు. ఆ తెలియకపోవడంలోనే ఉంది భయమంతా. స్వరూప అది ఇరవై ఆరేళ్లకే కనిపెట్టింది, ఒక కుర్చీతో, తిరిగే ఒక చెయ్యితో.

ఇంకొకటి ఆలస్యంగా అర్థమైంది. అలాంటి కథ నిలబడేది దాని నియమం మీద. పిలిచినన్నాళ్లే లేస్తారు, మందు లేదు, మంత్రం లేదు అని మొదట్లో చెప్పి, చివరిదాకా ఆ మాట మీద నిలబడితేనే చూసేవాడికి దిక్కుతోచదు. నేను తీర్థం పోశాను. ఆ చుక్కతో కుర్చీలు, గోడల వెంట నిలబడ్డ పిల్లలు, కిరాయి అడిగే ఓనరు, అందరూ ఉత్త బొమ్మలైపోయారు. తీర్థం ఉండగా ఇంతమంది ఎందుకు ఏడ్చారు మరి? ఏకాదశి నాడు మందుబిళ్ల వేసుకోవడానికి కూడా పంచాంగం చూసే మనిషిని నేను. నియమం తప్పితే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు? ఇంకొకరి నియమం కాబట్టి లెక్కలేకపోయింది.

పైగా ఓదార్చాను. అదే నా రోగం. ఏడుస్తున్నవాళ్లు కనబడితే వాళ్లను ఏడవనివ్వను, వెంటనే దేవుణ్ని తెచ్చి వాళ్ల నోట్లో కుక్కుతాను. వాళ్ల కోసం కాదు, నేను చూడలేక. స్వరూప సీనులో తల్లి ప్రేమ, తల్లి భయం రెండూ ఆ గొళ్లెం మీది ఒక్క చేతిలోనే ఉన్నాయి. చూసేవాడు విడదీయలేడు. దేవుడు లేని సీను అనుకున్నాను అప్పుడు. ఆ చెయ్యి మీద చెయ్యి వేసి నిలబడింది ఆయన కాక ఇంకెవరనుకున్నానో మరి.

ఆ సినిమా ఆఫీసులో చదివినవాడి మీదా నాకు కోపమే. ఒక్కడికీ అనుమానం రాలేదా? అంతసేపు ఒక మనిషి, చివరి నాలుగు పేజీల్లో ఇంకో మనిషి మాట్లాడుతుంటే వినబడలేదా? ఒక్క ఫోన్లో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బయటపడేది. సరే, వాళ్లను తిట్టి నేనేం కడుక్కుంటాను?

స్వరూప అన్న మాట నిలబెట్టుకుంది. మళ్లీ రాయలేదు. ఉద్యోగమూ రాలేదు. ఇప్పుడు నారాయణగూడలో ఒక కోచింగ్ సెంటర్లో కరెంట్ అఫైర్స్ చెబుతుంది. పోయిన నెల నలుగురు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని నా షాపుకు వచ్చింది. వాళ్లతో అంది: "నోట్సు ఈ అక్క దగ్గర ఇయ్యండి. మీరు చేసిన తప్పులు గూడ మీకు చెప్పకుంటనే మంచిగ చేస్తది. దేవతరా ఈమె." పిల్లలు నాకు నమస్కారం పెట్టారు.

ఇక ఉండలేకపోయాను. ఉండలేకపోయానంటే ధైర్యం వచ్చిందని కాదు. ఆ మాట ఇంకోసారి వింటే అరిచేస్తానని భయం వేసింది. గురువారం లాంగ్‌బుక్కు సంచిలో పెట్టుకుని కోచింగ్ సెంటరుకు వెళ్లాను. రెండు క్లాసుల మధ్య ఆమె మెట్ల మీద నిలబడి టీ తాగుతోంది. పక్కనుంచి పిల్లలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. చెప్పేశాను. వరసగా, ఎక్కడా ఆగకుండా. ఆగితే ఏడుస్తానని తెలుసు, ఏడిస్తే ఆమె నన్ను ఓదారుస్తుందని తెలుసు.

"ఏం రాసిండ్రు?" అని అడిగింది.

నా సీను నా నోటితో చెప్పాల్సి వచ్చింది. తలుపు, తీర్థం, వెలుగు, గంటలు. పట్టపగలు, మెట్ల మీద, ఆమె ముఖం చూస్తూ. గంటల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వెగటు పుట్టించింది.

స్వరూప టీ గ్లాసు కింద పెట్టింది. నన్ను తిట్టలేదు. చాలా మామూలుగా మాట్లాడింది.

"ఆ ఫోన్ వచ్చినంక నేను ఇంటికి పోయిన అక్కా. అమ్మనడిగిన. ఏ తల్లి గట్ల చెయ్యదంట గద, నువ్వెట్ల చేసినవే అమ్మా, నీకు మనసెట్ల వచ్చిందే అని. అడిగిన. నేనే అడిగిన. అమ్మ తెల్లారి పొద్దుగూకంగ మల్ల పళ్లెం పెట్టింది. మల్ల గడపల నిలబడి అన్నను పిలుసుడు షురూ చేసింది. ఏడేండ్లాయె. ఇప్పటికి పిలుస్తనే ఉన్నది."

ఇంకేం చెప్పను మీకు? ఆ కథలో ఒకే నియమం ఉందన్నాను కదా.

"నన్ను క్షమించమని అడగను" అన్నాను.

"అడగకుండ్రి. నాతోటి చెప్తె ఏం ఫాయిద? రాసియ్యుండ్రి. ఏం చేసిండ్రో అంత రాయుండ్రి. నేను అమ్మకు సదివి వినిపిస్త. నా మాట ఇంక నమ్మదు అమ్మ. అచ్చుల పడ్డదైతే నమ్ముతదేమో." పైనుంచి ఎవరో మేడమ్ అని పిలిచారు. రెండు మెట్లు ఎక్కి వెనక్కి తిరిగింది. "మీ పేరు పెట్టకుండ్రి. పెడితె, ఎంత ధైర్యంగ ఒప్పుకున్నదీ అని మిమ్ములనే మెచ్చుకుంటరు."

లాంగ్‌బుక్కు నా చేతిలోంచి తీసుకుంది. నా వైపు చూడలేదు. పైన తలుపు మూసిన చప్పుడు, ఆ తర్వాత క్లాసులో ఆమె గొంతు, ఏదో దేశపు రాజధాని పేరు చెబుతూ.

అందుకే పేరు లేదు. అందుకే ఈ నాలుగు రోజులూ కూర్చుని ఇది రాశాను. పూజ చేస్తూనే ఉన్నాను, దేవుడి మీద నాకేమీ అలక లేదు, ఆయన చేయని పని ఆయన మీద వేసింది నేను. కృతజ్ఞతలు మాత్రం నోటికి రావడం లేదు. రాకపోతే రాకపోనీ. మనసు కాస్త తేలికపడింది, అది నిజం. క్షమ దొరికినందువల్ల కాదు. పేరు లేకపోయినా, ఏడేళ్లలో మొదటిసారి నా వాక్యం కింద నేనే ఉన్నాను.

మిగిలినది ఆ తల్లికి. బిడ్డ చదువుతుంటే విని అర్థం చేసుకునేలా చెబుతాను.

అమ్మా, మీ అమ్మాయి కథలో తల్లి మీరు చేసిందే చేసింది. చదివినవాళ్లెవరైనా ఆ తల్లికి దండం పెట్టేవాళ్లు. కానీ ఎవరూ చదవలేదు. అది వాళ్ల దాకా పోలేదు, నేను పోనివ్వలేదు. దాన్ని తీసేసి నేను అల్లిన అబద్ధం పంపాను. ఏ తల్లీ ఇలా చేయదని వాళ్లన్నది ఆ అబద్ధాన్ని. మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదమ్మా. మీ బిడ్డ అడిగిన ప్రశ్న కూడా ఆమెది కాదు, నేను ఆమె నోట్లో పెట్టింది. మీకు మనసెలా వచ్చిందో అడిగే అర్హత ఈ లోకంలో ఎవరికీ లేదు. ఆనాడు మీరు పెట్టిన గొళ్లెం సరిగ్గానే పెట్టారు.

స్వరూప కథలో తల్లి తలుపు తీయలేదు. తీసింది నేను.